మౌంట్ కాకముందే మొదలైన సర్వీస్: నెట్‌వర్క్ బూట్ మెషీన్లలో ఏది ముందు, ఏది తర్వాత?

మా అక్క కొడుకు అన్నప్రాశన ఫోటోలు 164 పోయాయి. హార్డ్ డిస్క్ పాడవ్వలేదు, వైరస్ రాలేదు, ఫోన్ కింద పడలేదు. వాటిని పోగొట్టింది నేను రాసిన 20 లైన్ల స్క్రిప్ట్. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఆ స్క్రిప్ట్‌ని నడిపే సర్వీస్ ఫైల్‌లో నేను రాయని ఒకే ఒక్క లైను.

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పైలతోనో, పాత పీసీలతోనో చిన్న సర్వర్ పెట్టుకుని ఆడుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఎస్‌డీ కార్డులు మాటిమాటికీ పాడైపోతున్నాయని విసిగి, నెట్‌వర్క్ బూట్‌కి మారదామని చూసేవాళ్లూ ఉంటారు. మారండి, చాలా బాగుంటుంది. కానీ మారే ముందు సర్వీసులు ఏ వరుసలో లేస్తాయి, ఏది దేని మీద ఆధారపడుతుంది అనేది ఒక్కసారి అర్థం చేసుకోండి. నేను అది ఫోటోలు పోయాక నేర్చుకున్నా. మీకు ఆ అవసరం రాకూడదు.

ముందు నా సెటప్ ఏంటో చెప్తా

ఇంట్లో 3 రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు ఉన్నాయి. దేనికీ ఎస్‌డీ కార్డ్ లేదు. ఒక పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేసి దాన్నే సర్వర్ చేశా. మూడు బోర్డులూ నెట్‌వర్క్ కేబుల్ మీదే ఆ ల్యాప్‌టాప్ నుంచి బూట్ అవుతాయి. ల్యాప్‌టాప్‌కి ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి ఉంటుంది. ఇంట్లో వాళ్ల ఫోటోలన్నీ అందులోనే.

ఇలాంటి బోర్డుకి కరెంట్ రాగానే ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం.

1. బోర్డులోని ఈఈప్రామ్‌లో ఉన్న బూట్‌లోడర్ ముందు లేస్తుంది. అందులో బూట్ ఆర్డర్ అనే విలువ ఉంటుంది. దాన్ని 0ఎక్స్‌ఎఫ్21 అని పెడితే కుడి నుంచి ఎడమకి చదవాలి: 1 అంటే ఎస్‌డీ కార్డ్, 2 అంటే నెట్‌వర్క్, ఎఫ్ అంటే మళ్లీ మొదటికి. పై 4లో ఈ నెట్‌వర్క్ బూట్ కేబుల్ మీదే పనిచేస్తుంది, వైఫై మీద కాదు.
2. బోర్డు డీహెచ్‌సీపీ ద్వారా తనకొక ఐపీ అడ్రస్ అడుగుతుంది. బూట్ ఫైళ్లు ఏ సర్వర్‌లో ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది.
3. టీఎఫ్‌టీపీ ద్వారా, అంటే యూడీపీ పోర్ట్ 69 మీద, కెర్నల్ దిగుతుంది. మామూలు పీసీల్లో ఈ పనే పీఎక్స్‌ఈ చేస్తుంది.
4. కెర్నల్ లేచి మళ్లీ ఐపీ తెచ్చుకుని, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోల్డర్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా తన రూట్‌గా మౌంట్ చేసుకుంటుంది.
5. అప్పుడు సిస్టమ్‌డీ మొదలై, మిగతా సర్వీసులన్నిటినీ లేపుతుంది.

ఇంకో విషయం. మూడు బోర్డులకీ రూట్ ఫోల్డర్ ఒకటే కాబట్టి దాన్ని రీడ్-ఓన్లీగా పెట్టా. దాని పైన ఓవర్‌లే ఉంటుంది. బోర్డు ఏం రాసినా ర్యామ్‌లోకే వెళ్తుంది, రీబూట్ అయితే చెరిగిపోతుంది. ఒక బోర్డులో చేసిన గందరగోళం ఇంకో బోర్డుకి అంటదు కాబట్టి ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. చివరికి నన్ను ముంచింది కూడా ఇదే.

ఆ రెండు రాత్రులు ఏం జరిగింది?

రోజూ రాత్రి 2 గంటలకి ఒక టైమర్ నా స్క్రిప్ట్‌ని నడుపుతుంది. అది అక్క ఫోన్‌లోని కొత్త ఫోటోల్ని ఆర్‌సింక్‌తో లాగి ఫోటోల ఫోల్డర్‌లో పెడుతుంది. అక్క ఫోన్‌లో ఎప్పుడూ స్టోరేజ్ ఫుల్ కాబట్టి, కాపీ అయిన ఫైళ్లని ఫోన్‌లోంచి తీసేసే ఆప్షన్ కూడా పెట్టా. నెలల తరబడి బ్రహ్మాండంగా నడిచింది.

అన్నప్రాశన రోజు సాయంత్రం కరెంట్ పోయి వచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, కాబట్టి అదీ రీస్టార్ట్ అయింది. బోర్డులు కూడా అయ్యాయి. అంతా పచ్చ లైట్లు వెలుగుతున్నాయి, నేనూ పట్టించుకోలేదు.

నాకు తెలియనిది ఏంటంటే, ల్యాప్‌టాప్‌లో ఆ యూఎస్‌బీ డిస్క్ డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయ్యాకే మౌంట్ అయ్యేది. ఆ రోజు ఎవరూ లాగిన్ అవ్వలేదు. బోర్డు వెళ్లి ఫోటోల ఫోల్డర్ అడిగితే, సర్వర్ "అలాంటి ఫోల్డర్ లేదు" అని తిప్పి పంపింది. బోర్డు ఎఫ్‌స్టాబ్‌లో ఆ మౌంట్‌కి నేను 'నోఫెయిల్' అని పెట్టి ఉంచా. అంటే అది రాకపోయినా బూట్ ఆపొద్దని. కాబట్టి బూట్ ఆగలేదు. పైకి ఎర్రర్ ఏమీ కనపడలేదు.

రాత్రి 2 అయింది. స్క్రిప్ట్ లేచింది. దాని మొదటి లైను: "ఫోల్డర్ లేకపోతే తయారు చెయ్యి." చేసింది, ర్యామ్‌లో! ఫోటోలు ర్యామ్‌లోకి కాపీ అయ్యాయి. కాపీ సక్సెస్ కాబట్టి ఫోన్‌లోంచి డిలీట్ అయ్యాయి. తర్వాతి రాత్రి మిగతావి కూడా అలాగే. మొత్తం 600 ఎంబీ లోపే ఉన్నాయి, 4 జీబీ ర్యామ్‌లో హాయిగా పట్టేశాయి. మూడో రోజు మళ్లీ కరెంట్ పోయింది.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, బాబు అన్నప్రాశన ఫోటోలు పంపరా, అత్తయ్య వాళ్లకి పెట్టాలి." హార్డ్ డిస్క్ మొత్తం వెతికా. ఆ తేదీల ఫోల్డర్లే లేవు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డిస్కే లేకుండా "బ్యాకప్ పూర్తయింది" అని లాగ్‌లో రెండు లైన్లు మాత్రం ఉన్నాయి. ఆ లాగ్ కూడా సర్వర్‌కి పంపుతున్నా కాబట్టి మిగిలింది, లేకపోతే అదీ ర్యామ్‌తో పాటే పోయేది.

"ముందు" వేరు, "కావాలి" వేరు

నా సర్వీస్ ఫైల్‌లో డిపెండెన్సీలు రాయలేదా అంటే, రాశా. రెండు రాశా. 'ఆఫ్టర్' అని పెట్టి నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ ఒకటి, రిమోట్-ఎఫ్‌ఎస్ టార్గెట్ ఒకటి. చూస్తే చాలా బాధ్యతగా ఉంది కదా? కానీ అసలు తప్పు అక్కడే.

సిస్టమ్‌డీలో రెండు రకాల సంబంధాలు ఉంటాయి. వీటిని విడివిడిగా చూడటం వస్తే సగం పాఠం అయిపోయినట్టే.

మొదటిది క్రమం. 'ఆఫ్టర్', 'బిఫోర్' అనేవి ఇవి. "మనిద్దరం లేవాల్సి వస్తే, నువ్వు ముందు, నేను తర్వాత" అని మాత్రమే చెప్తాయి. రెండోవాడు అసలు లేవకపోయినా, లేవబోయి పడిపోయినా, 'ఆఫ్టర్' ఏమీ అనదు. తన వంతు రాగానే లేచిపోతుంది.

రెండోది అవసరం. 'వాంట్స్', 'రిక్వైర్స్' ఈ కోవలోవి. 'వాంట్స్' అంటే "నాతో పాటు వాణ్ణీ లేపు, వాడు రాకపోయినా పర్లేదు." 'రిక్వైర్స్' అంటే "వాడు లేకపోతే నేనూ వద్దు." కానీ ఇవి క్రమం చెప్పవు. 'ఆఫ్టర్' లేకుండా 'రిక్వైర్స్' ఒక్కటే రాస్తే రెండూ ఒకేసారి మొదలవుతాయి.

పెళ్లి భోజనం అనుకోండి. సాంబార్ వడ్డించేవాడికి "విస్తరి వేసేవాడి తర్వాత నువ్వు" అని చెప్తే అది 'ఆఫ్టర్'. విస్తరి వేసేవాడు ఆ రోజు రాకపోతే ఇతను వచ్చి బల్ల మీదే పోసేస్తాడు, ఎందుకంటే అతనికి చెప్పింది వరుస మాత్రమే. "విస్తరి లేకపోతే వడ్డించకు" అని కూడా చెప్పాలి. అది 'రిక్వైర్స్'. ముఖ్యమైన పనులకి రెండూ కావాలి.

నేను రాసినవి రెండూ 'ఆఫ్టర్'లే. పైగా రాత్రి 2 గంటలకి టైమర్ లేపినప్పుడు బూట్ ఎప్పుడో అయిపోయింది. క్రమం చూసుకోవడానికి అక్కడ క్యూలో ఇంకెవరూ లేరు. నా సర్వీస్ నేరుగా వెళ్లి పని మొదలుపెట్టింది.

నెట్‌వర్క్ వచ్చింది, అయితే ఏంటి?

నెట్‌వర్క్ గురించి సిస్టమ్‌డీలో రెండు పేర్లు వినిపిస్తాయి. చాలామంది వీటిని కలిపేస్తారు.

'నెట్‌వర్క్ టార్గెట్' అంటే నెట్‌వర్క్‌ని చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే. ఐపీ వచ్చిందని కాదు. దీని అసలు ఉపయోగం షట్‌డౌన్‌లో. ఆపేటప్పుడు క్రమం తిరగబడుతుంది కాబట్టి, దీని 'ఆఫ్టర్'లో ఉన్న సర్వీసులు నెట్‌వర్క్ పోకముందే ఆగిపోతాయి.

'నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్' అంటే నెట్‌వర్క్ నిజంగా లేచేదాకా ఎదురుచూడటం. దీనికి ఒక వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ వెనకాల పనిచేయాలి. దీన్ని వాడితే 'వాంట్స్', 'ఆఫ్టర్' రెండిట్లోనూ రాయాలి. లేకపోతే దాన్ని ఎవరూ లేపకపోవచ్చు, మీ 'ఆఫ్టర్' ఉత్తదైపోతుంది.

ఇప్పుడు నెట్‌వర్క్ బూట్ మెషీన్ సంగతి చూడండి. ఇక్కడ నెట్‌వర్క్ ఎప్పుడు వచ్చింది? పైన చెప్పిన 5 మెట్లలో రెండో మెట్టులోనే. సిస్టమ్‌డీ పుట్టక ముందే. నెట్‌వర్క్ లేకపోతే సిస్టమ్‌డీ ఫైలే దొరికేది కాదు. కాబట్టి ఈ మెషీన్లలో "నెట్‌వర్క్ ఉందా?" అనే ప్రశ్నకి జవాబు దాదాపు ఎప్పుడూ "ఉంది" అనే వస్తుంది. అది విని మనం అంతా రెడీ అనుకుంటాం.

సర్వీస్‌కి కావాల్సింది నెట్‌వర్క్ కాదు. నెట్‌వర్క్ అవతల ఉన్న ఒక నిర్దిష్టమైన వస్తువు. నా విషయంలో ఫోటోల డిస్క్. మీ విషయంలో డేటాబేస్ కావచ్చు, కరెక్ట్ టైమ్ కావచ్చు, ప్రింటర్ కావచ్చు. కేబుల్ లైట్ వెలగడానికీ, అవతలి సర్వర్‌లో డిస్క్ మౌంట్ అవ్వడానికీ సంబంధం లేదు. మీ సర్వీస్‌కి నిజంగా ఏం కావాలో దాన్నే పేరు పెట్టి రాయండి. ఈ ఆర్టికల్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే, ఇది గుర్తుండాలి.

నేను రాయని ఆ ఒక్క లైను

దాని పేరు 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్'. మూడు మాటలు కలిపి ఖాళీ లేకుండా రాయాలి, పక్కన ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వాలి. (ఫైల్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా.) ఇది యూనిట్ సెక్షన్‌లో ఉంటుంది.

ఈ లైను చేసేది ఇది: ఆ పాత్‌కి వెళ్లడానికి ఏయే మౌంట్లు కావాలో చూసి, వాటన్నిటి మీదా 'రిక్వైర్స్', 'ఆఫ్టర్' రెండూ కలిపి పెడుతుంది. క్రమం, అవసరం రెండూ ఒకే లైనులో. రాత్రి 2 గంటలకి టైమర్ లేపినా సరే, మౌంట్ లేకపోతే ముందు మౌంట్ చేయడానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే నా స్క్రిప్ట్ మొదలే కాదు. లాగ్‌లో "డిపెండెన్సీ ఫెయిల్డ్" అని పడుతుంది. ఫోటోలు ఫోన్‌లోనే క్షేమంగా ఉంటాయి.

మరి నేను రాసిన రిమోట్-ఎఫ్‌ఎస్ టార్గెట్ ఎందుకు కాపాడలేదు? 'ఆఫ్టర్' ఒక్కటే రాయడం ఒక కారణం. ఇంకోటి 'నోఫెయిల్'. ఎఫ్‌స్టాబ్‌లో అది పెడితే ఆ మౌంట్ లేకున్నా టార్గెట్ అయిపోయినట్టే లెక్క. అంతే కాదు, ఆ మౌంట్ కోసం టార్గెట్ ఎదురు కూడా చూడదు. ఇది నాకు తెలియదు. 'నోఫెయిల్' తప్పు అని కాదు, ఒక డిస్క్ రానంత మాత్రాన మెషీన్ మొత్తం ఆగకూడదు. కానీ బూట్‌కి అక్కర్లేని డిస్క్ నా సర్వీస్‌కి తప్పనిసరి. ఆ తేడా సర్వీస్ ఫైల్‌లో రాయాల్సింది నేనే.

ఎఫ్‌స్టాబ్‌లోనే ఇంకో మంచి ఆప్షన్ ఉంది: 'ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్'. ఎవరైనా ఆ ఫోల్డర్‌ని ముట్టుకున్నప్పుడే అది మౌంట్ అవుతుంది. అప్పటిదాకా అక్కడొక కాపలా ఉంటుంది. మౌంట్ కుదరకపోతే ముట్టుకున్నవాడికి ఎర్రర్ వస్తుంది తప్ప, కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి రాత వెళ్లదు. ఓవర్‌లే వాడేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

స్లీప్ 30 పెడితే సరిపోదా?

ఈ సమస్యకి చాలామంది చెప్పే చిట్కా, సర్వీస్ మొదట్లో 30 సెకన్లు స్లీప్ పెట్టమని. నేనూ ఒకప్పుడు పెట్టా, సిగ్గుపడకుండా చెప్తున్నా. ఇది పరిష్కారం కాదు, అంచనా. డిస్క్ 10 సెకన్లలో వస్తే 20 సెకన్లు దండగ. 40 సెకన్లకి వస్తే మళ్లీ అదే ప్రమాదం. నా కేసులో రెండు రోజులైనా రాలేదు, ఎంత స్లీప్ పెట్టమంటారు?

దానికి బదులు తనిఖీ పెట్టండి. సిస్టమ్‌డీలోనే 'అసర్ట్‌పాత్‌ఈజ్‌మౌంట్‌పాయింట్' అని ఒకటి ఉంది. ఆ ఫోల్డర్ నిజంగా మౌంట్ పాయింటేనా అని సర్వీస్ మొదలయ్యే ముందు చూస్తుంది, కాకపోతే ఫెయిల్ చేస్తుంది. అచ్చం ఇలాంటిదే 'కండిషన్'తో మొదలయ్యేది కూడా ఉంది. కానీ అది మౌనంగా స్కిప్ చేసి వెళ్లిపోతుంది. బ్యాకప్ లాంటి పనులకి మౌనం మంచిది కాదు, 'అసర్ట్' వాడండి.

ఇంకో పాత చిట్కా, డిస్క్ లోపల ఒక గుర్తు ఫైల్ పెట్టడం. స్క్రిప్ట్ ముందు ఆ ఫైల్ ఉందో లేదో చూస్తుంది. లేకపోతే అది అసలు డిస్క్ కాదని వెనక్కి వచ్చేస్తుంది. సింక్‌థింగ్ యాప్ ఇదే చేస్తుంది. సింక్ చేసే ప్రతి ఫోల్డర్‌లో ఒక మార్కర్ పెట్టుకుని, అది కనపడకపోతే సింక్ ఆపేస్తుంది. నా స్క్రిప్ట్‌లో "ఫోల్డర్ లేకపోతే తయారు చెయ్యి" అన్న లైను మాత్రం ఆ రోజే పీకేశా.

సర్వర్ వైపు కూడా చూడాలి

బోర్డులో ఎంత జాగ్రత్తగా రాసినా, సర్వరే ఖాళీ ఫోల్డర్ ఇచ్చేస్తే? ఇది ఇంకా మోసం. బోర్డు వైపు మౌంట్ సక్సెస్ అంటుంది, లోపల మాత్రం అసలు డిస్క్ ఉండదు.

దీనికి నేను రెండు పనులు చేశా. ఒకటి, యూఎస్‌బీ డిస్క్‌ని లాగిన్ మీద వదిలేయకుండా యూయూఐడీతో ల్యాప్‌టాప్ ఎఫ్‌స్టాబ్‌లో రాశా. ఇప్పుడు ఎవరూ లాగిన్ కాకపోయినా బూట్‌లోనే మౌంట్ అవుతుంది. రెండు, ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ఆ ఫోల్డర్‌కి 'ఎంపీ' అనే ఆప్షన్ ఇచ్చా. మౌంట్‌పాయింట్‌కి అది పొట్టి పేరు. అక్కడ నిజంగా డిస్క్ మౌంట్ అయి ఉంటేనే ఆ ఫోల్డర్ బయటికి ఇస్తుంది, లేకపోతే ఇవ్వదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'రిక్వైర్స్' బాగుంది కదా అని అన్నిచోట్లా రాసేయకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కే ఫోటోల డిస్క్‌ని తప్పనిసరి చేస్తే, ఆ డిస్క్ పాడైన రోజు సర్వర్ లేవదు. సర్వర్ లేవకపోతే బోర్డులకి రూట్ ఉండదు. ఒక ఫోటోల డిస్క్ కోసం ఇల్లంతా చీకటి. ఎవరికి ఏది కావాలో అంతే రాయాలి: రూట్ అందరికీ కావాలి, ఫోటోల డిస్క్ బ్యాకప్ సర్వీస్‌కి మాత్రమే.

నెట్‌వర్క్ బూట్‌లోనే ఎదురయ్యే మూడు గోతులు

మొదటిది, కూర్చున్న కొమ్మ నరుక్కోవడం. రూట్ నెట్‌వర్క్ మీద ఉంది. అలాంటప్పుడు బూట్ మధ్యలో నెట్‌వర్క్‌మేనేజర్ లేచి "నేను మళ్లీ కొత్తగా సెట్ చేస్తా" అని ఆ ఇంటర్‌ఫేస్‌ని ఒకసారి దించి ఎత్తితే, దించిన క్షణంలో రూట్ పోతుంది. స్క్రీన్ మీద "ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ నాట్ రెస్పాండింగ్" అని ఆగిపోతుంది. ఆ ఇంటర్‌ఫేస్‌ని ముట్టుకోవద్దని నెట్‌వర్క్‌మేనేజర్‌కి అన్‌మేనేజ్డ్ లిస్ట్‌లో చెప్పాలి. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడితే 'కీప్‌కాన్ఫిగరేషన్' అనే సెట్టింగ్ ఉంది, దాన్ని 'యస్' చేయండి. షట్‌డౌన్‌లో మెషీన్ ఆగకుండా వేలాడుతుందన్నా ముందు ఇదే అనుమానించండి.

రెండోది దీనికి తోక. ఆ ఇంటర్‌ఫేస్‌ని ఎవరూ మేనేజ్ చేయకపోతే, వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ ఎవరి కోసమో తెలియకుండా ఎదురుచూస్తూ కూర్చోవచ్చు. నెట్‌వర్క్‌డీ వాళ్ల వెయిట్-ఆన్‌లైన్‌కి డీఫాల్ట్ గడువు 120 సెకన్లు. మీ బోర్డు బూట్‌కి ఉన్నట్టుండి 2 నిమిషాలు ఎక్కువ పడుతోందంటే కారణం ఇది కావచ్చు. ఏ ఇంటర్‌ఫేస్ కోసం ఆగాలో దానికి పేరుతో చెప్పొచ్చు. లేదా మీ సర్వీసులు మౌంట్ల మీదే ఆధారపడితే, దాన్ని ఆపేసినా నష్టం లేదు.

మూడోది గడియారం. పై 4 బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5లో ఆ సర్క్యూట్ ఇచ్చారు, బ్యాటరీ మనం విడిగా తగిలించుకోవాలి. పై 4 బూట్ అయినప్పుడు అసలు టైమ్ ఎంతో దానికి తెలియదు, నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకోవాలి. ఆ లోపే తేదీ చూసి ఫోల్డర్ పేరు పెట్టే స్క్రిప్టో, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ చెక్ చేసే యాపో మొదలైతే తేడా కొడుతుంది. దీనికి 'టైమ్-సింక్ టార్గెట్' ఉంది. కానీ అది నిజంగా ఆగాలంటే సిస్టమ్‌డీ-టైమ్-వెయిట్-సింక్ సర్వీస్‌ని కూడా ఎనేబుల్ చేయాలి. పైన నెట్‌వర్క్-ఆన్‌లైన్‌లో చూసిన పాఠమే మళ్లీ: టార్గెట్ అనేది పేరు మాత్రమే, ఎదురుచూసేవాడు వేరే ఉండాలి.

ఇప్పుడే మీ మెషీన్‌లో చూసుకోండి

'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్' పక్కన మీ సర్వీస్ పేరు ఇవ్వండి. అది ఎవరెవరి మీద ఆధారపడిందో చెట్టులా చూపిస్తుంది. మీ డేటా ఉన్న మౌంట్ అందులో కనపడకపోతే, మీరు కూడా నాలాగే అదృష్టం మీద నడుస్తున్నారని అర్థం.

'సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చెయిన్' కొడితే బూట్‌లో ఎవరు ఎవరి కోసం ఆగారో, ఎంతసేపు ఆగారో తెలుస్తుంది.

'ఫైండ్‌ఎంఎన్‌టీ' కమాండ్‌కి 'టార్గెట్' ఆప్షన్‌తో మీ ఫోల్డర్ పాత్ ఇవ్వండి. ఆ ఫోల్డర్ ప్రస్తుతం దేని మీద ఉందో చెప్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ అని రావాల్సిన చోట ఓవర్‌లే అని వస్తే, వెంటనే స్క్రిప్ట్ ఆపి ర్యామ్‌లో ఉన్నవి బయటికి కాపీ చేసుకోండి. ఆ రెండు రోజుల్లో నేను ఈ ఒక్క కమాండ్ కొట్టినా ఫోటోలు దక్కేవి.

సర్వీస్ ఫైల్‌ని నేరుగా మార్చకుండా 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' వాడండి. అది మీ మార్పుల్ని విడిగా ఇంకో ఫైల్‌లో పెడుతుంది, అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు. నెట్‌వర్క్ బూట్‌లో ఈ పని బోర్డులో చేస్తే ర్యామ్‌లోకి వెళ్లి రీబూట్‌తో పోతుందని మర్చిపోకండి. సర్వర్‌లో ఉన్న అసలు రూట్ ఫోల్డర్‌లో చేయాలి.

ఫెయిల్ అయినప్పుడు మీకు తెలియాలి కూడా. 'ఆన్‌ఫెయిల్యూర్' అనే లైనులో ఇంకో చిన్న సర్వీస్ పేరు ఇస్తే, మెయిన్ సర్వీస్ ఫెయిలైనప్పుడు అది లేస్తుంది. డిపెండెన్సీ దొరక్క ఫెయిలైనా లేస్తుంది. నేను దానితో నా ఫోన్‌కి ఒక మెసేజ్ పంపిస్తున్నా. 'రీస్టార్ట్' సెట్టింగ్ మీద మాత్రం ఇక్కడ ఆశ పెట్టుకోకండి. డిపెండెన్సీ దగ్గరే ఆగితే సర్వీస్ అసలు మొదలవ్వలేదు కాబట్టి, అది మళ్లీ ప్రయత్నించదు.

చివరగా, కావాలని చెడగొట్టి చూడండి. యూఎస్‌బీ డిస్క్ పీకి, అన్నీ రీబూట్ చేసి, సర్వీస్‌ని చేత్తో స్టార్ట్ చేయండి. అది "నేను లేవను" అంటే మీరు గెలిచినట్టు. ఏమీ అనకుండా లేచి పని చేసుకుపోతే, దాన్ని నమ్మకండి. ఈ టెస్ట్‌కి 10 నిమిషాలు పడుతుంది. టెస్ట్ చేసేటప్పుడు ఫోన్‌లో డిలీట్ చేసే ఆప్షన్ తీసేసి ఉంచండి, ముఖ్యం!

ఇప్పుడు మా ఇంట్లో

ఫోన్‌లోంచి వెంటనే డిలీట్ చేయడం మానేశా. కాపీ అయిన ఫైల్ డిస్క్‌లో 7 రోజులు ఉందని చూశాకే ఫోన్‌లోది తీసేస్తుంది. డిపెండెన్సీలు సరిగ్గా రాయడం ఒక ఎత్తు, అవి ఎప్పుడైనా తప్పితే నష్టం చిన్నదిగా ఉండేలా చూసుకోవడం ఇంకో ఎత్తు. రెండోదాన్ని కూడా ఈ కథే నేర్పింది.

అన్నప్రాశనకి వచ్చిన చుట్టాల దగ్గర వాట్సాప్‌లో తిరిగినవి 31 ఫోటోలు దొరికాయి. కంప్రెస్ అయిపోయి కొంచెం మసకగా ఉన్నాయి. బాబు నోట్లో మొదటి ముద్ద పెడుతున్న ఫోటో అందులో ఉంది. అక్క దాన్నే ప్రింట్ తీయించి హాల్లో పెట్టుకుంది. నేను వెళ్లినప్పుడల్లా దాని పిక్సెల్స్ నాకే కనిపిస్తాయి.

పోయిన నెల మళ్లీ కరెంట్ పోయి వచ్చినప్పుడు, యూఎస్‌బీ కేబుల్ లూజ్ అయి డిస్క్ లేవలేదు. రాత్రి 2 గంటల 1 నిమిషానికి నా ఫోన్ మోగింది: "డిపెండెన్సీ ఫెయిల్డ్." లేచి కేబుల్ నొక్కి, సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేసి పడుకున్నా. ఒక ఎర్రర్ మెసేజ్ చూసి అంత సంతోషం వేయడం అదే మొదటిసారి.